ఖాళీ కడుపు కొలత

ఆస్పత్రి గది తలుపు మీది ఎర్ర దీపం మూడోసారి ఆరిపోయింది. మొదటిసారి ఆరినప్పుడు ఆమె సంచి భుజాన వేసుకుని లేచి నిలబడింది, అయిపోయింది కాబోలు, ఆయన వచ్చేస్తున్నాడు కాబోలు అని. రెండోసారి లేవలేదు గానీ మెడ చాచింది. మూడోసారి మెడ కూడా చాచకుండా, కళ్లు చిట్లించి ఆ దీపం వంక అలాగే చూస్తూ కూర్చుంది, వాయిదాల మీద వాయిదాలు వేసే దర్జీ మొహంలోకి గిరాకీ చూసినట్టు. ఆ మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలియనిదా? నలభై ఏళ్లు తనే ఆ మొహం పెట్టుకుని బతికింది. కాజాలొక్కటే మిగిలాయండీ, ఇస్త్రీ ఒక్కటే మిగిలిందండీ, సాయంత్రం రండీ అని నవ్వుతూ చెబుతుంటే, ఆ బట్టేమో ఇంకా కత్తెర మొహం చూడకుండా అరలో మూటగానే పడుండేది. కాబట్టి, కొంచెం ఆలస్యమవుతుందమ్మా, ఏం లేదు, అని ఆ గదిలోంచి తొంగి చూసి నవ్వేవాళ్ల నవ్వు వెనక విప్పని మూట ఏదో ఉందని ఆమెకు గట్టి నమ్మకం. నిజంగా ఏమీ లేనివాళ్లు ఏం లేదని అన్నిసార్లు చెప్పరు.

ఆయన లోపలికి వెళ్లి నలభై నిమిషాలయింది. రోజూ అయితే పావుగంట. గోడ గడియారం సరిగ్గా నడుస్తోందా అని ఆమెకు దాని మీద కూడా అనుమానమే, అందుకని పక్క కుర్చీలో అల్లిక అల్లుకుంటున్న ఆవిడ చేతి గడియారం వంక కూడా ఓ చూపు వేసింది; రెండూ ఒకటే చెబుతున్నాయి, కూడబలుక్కున్నట్టు. తిన్నది గొంతు నుంచి కడుపులోకి దిగే గొట్టంలో అట్టడుగున, కడుపుతో కలిసేచోట లేచింది ఆయనకు కాన్సరు పుండు. మొదట రొట్టె దిగనంది, తర్వాత అన్నం దిగనంది, ఇప్పుడు నీళ్లలాంటివి తప్ప ఏవీ దిగనంటోంది. ఒకపక్క సెలైన్లో మందు, ఒకపక్క ఈ కరెంటు పెట్టడం, రేడియేషనంటారు. మొత్తం ఇరవై అయిదు రోజులు, శని ఆదివారాలు సెలవు, ఇవాళ మంగళవారానికి పన్నెండోది. మొదటి రోజున ఛాతీ మీద ఒకటి, పక్కటెముకల మీద అటొకటి ఇటొకటి, నువ్వుగింజంత నల్ల చుక్కలు మూడు సూదితో పొడిచి పెట్టారు, వాటిని బట్టే రోజూ బల్ల మీద సరిగ్గా పడుకోబెడతారట. ఆ చుక్కలు చూసిన నాడే ఆమె మనసులో ముల్లు గుచ్చుకుంది. జారుడు గుడ్డ రెండు మడతలు వేసి పైమడత మీద సుద్దతో గీత గీస్తే కిందిమడత ఆ గీతను ఎరుగుతుందా? కత్తెర ఇలా పెట్టగానే కిందిది అలా బొటనవేలంత పక్కకు జరిగి, విప్పి చూసేసరికి ఒక చంక ఓ తీరు, ఇంకో చంక ఇంకో తీరు. గుడ్డే అంత మోసం చేస్తే, చిక్కి సగమైన మనిషి ఒంటి మీద తోలు ఎంత మోసం చేయదు? పైన చుక్క పెట్టి లోపల పుండును పట్టుకుంటారట. పట్టుకోవడానికి అదేమైనా మేకు కొట్టి ఉందా.

మేకు కొట్టి లేదని ఆ కరెంటు డాక్టరే చెప్పాడు, చెప్పలేదని అనకూడదు. కంప్యూటరు వంక చూస్తూ చెప్పాడు, అదీ ఆమెకు నచ్చలేదు. మనిషి మొహం చూడకుండా మాట్లాడేవాడు ఏదో దాచుకుని మాట్లాడతాడని ఆమె లెక్క. లోపల ఏదీ ఒక్కచోట నిలవదమ్మా అన్నాడు. ఊపిరి పీలిస్తే కిందికి దిగుతుంది, వదిలితే పైకి లేస్తుంది, పక్కన గుండె ఊరుకోకుండా తోస్తూనే ఉంటుంది, గుటక వేస్తే గొట్టం మొత్తం ఎగిరి దిగుతుంది, కడుపు నిండితే మీ ఆయన పుండున్న ఆ కింది కొస పక్కకు జరుగుతుంది. ఊపిరీ గుండే ఆపమనలేం, కడుపొక్కటే మన చేతిలో ఉంది, కొలతల రోజున ఖాళీ కడుపుతో తీశాం గనక రోజూ ఖాళీ కడుపుతోనే తీసుకురండి, మూడు గంటల ముందు నుంచి ఏమీ వద్దు. ఆయన సరే అన్నాడు. ఆయన దేనికైనా సరే అంటాడు, ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, ఎవరు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపి అలవాటైపోయింది. ఆమె మాత్రం మిగతాదంతా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది, ఏమీ వద్దు అన్న ముక్కొక్కటే చెవిలో ఉండిపోయింది. ఆ ముక్క ఆమెకు పాతపరిచయం. వాళ్లమ్మ చివరిరోజుల్లో మరో ఊళ్లో మరో ఆస్పత్రి, ఆపరేషను చేస్తాం ఏమీ పెట్టొద్దన్నారు, సాయంత్రానికి రేపన్నారు, రేపొస్తే ఎల్లుండన్నారు, మధ్యలో తెల్లకోటాయన సెలవులో వెళ్లాడన్నారు. తడిగుడ్డతో పెదాలు తుడుస్తూ నాలుగు రోజులు మంచం పక్కన నిలబడింది తను, అప్పుడు కడుపుతో ఉంది కూడా. ఆపరేషను జరగనే లేదు. అమ్మ జబ్బుతో పోయిందని కాగితం మీద రాశారు. ఏమీ వద్దు అన్నవాళ్లకు తర్వాత ఏం కావాలో అడిగే తీరిక ఉండదని ఆనాడే ఆమె మనసులో ముద్ర పడిపోయింది.

అందుకే అయిదో రోజు, శుక్రవారం, ఆస్పత్రి మెట్ల మీద ఆయన కాలు తడబడి గోడ పట్టుకోగానే ఆమె ఇక ఎవరినీ అడగదలుచుకోలేదు. ఖాళీ కడుపట, ఖాళీ కడుపు. బల్ల మీద కక్కుకుంటే తుడవడం బద్ధకమై పెట్టిన నియమం అయ్యుంటుంది. బడిలో పిల్లల్ని చేతులు కట్టుకోమనేది చదువు కోసమా, పంతులమ్మ తలనొప్పి కోసం గానీ. మర్నాటి నుంచి అని కాదు, ఆ రోజే, కింద క్యాంటీనులో పాలు కొని, చల్లార్చి, మంచినీళ్ల డ్రమ్ము వెనక సందులో నిలబెట్టి గ్లాసు ఆయన చేతిలో పెట్టింది. సగం గ్లాసే. ఆయన గ్లాసు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, ఏదో అనబోయి మానేసి, చెంచాలతో తాగినట్టు నిదానంగా, ఒక్కో గుటకకూ కళ్లు మూసుకుంటూ తాగాడు. ఆ గుటకలు దిగుతుంటే ఆమెకు కళ్లు చల్లబడ్డాయి. ఆయన ప్యాంట్లు ఈ నాలుగు నెలల్లో మూడుసార్లు బిగించింది ఆమె. బిగించిన ప్రతిసారీ లోపలి గుడ్డ కత్తిరించకుండా మడిచి పొడవు కుట్లతో పట్టి ఉంచింది, మళ్లీ ఒళ్లు చేసినప్పుడు విప్పుకోవచ్చని. ఇప్పుడా మడతలు ఎంత లావయ్యాయంటే కూర్చుంటే నడుముకు ఒత్తుకుంటున్నాయి ఆయనకు, అయినా చెప్పడు. అలాంటి మనిషికి సగం గ్లాసు పాలు పోస్తే ఏ యంత్రం మునిగిపోతుంది? ఆరోజు నుంచి రోజూ పోసింది, మధ్యలో బుధవారం ఒక్కటే తప్పింది, పాలు విరిగిపోయి.

అయితే అందులోంచి ఇంకో అనుమానం పుట్టింది, అదీ ఎక్కడ, కట్టుకున్నవాడి మీద. మొదటిరోజు పాలు తాగి మూతి తుడుచుకుని లోపలికి వెళుతుంటే మిషను నడిపే కళ్లజోడమ్మాయి రోజూ అడిగినట్టే అడిగింది, ఏమన్నా తిన్నారా, తాగారా అని. లేదమ్మా, అన్నాడాయన. ఎంత నున్నగా అన్నాడు. రెప్ప కదలలేదు, గొంతు వణకలేదు. తన కోసమే అన్నాడని తెలుసు, తనను వాళ్లు ఏమైనా అంటారేమోనని అన్నాడని తెలుసు, అయినా ఆమెకు తట్టనే తట్టింది: ఈయనకు అబద్ధం ఆడటం వచ్చన్నమాట. నలభై ఒక్క ఏళ్లుగా ఈయనకు అది రాదనే కదా తను నిశ్చింతగా ఉంది. అయితే ఎప్పుడో ఆయన తొడుక్కొచ్చిన ఆ ఊదారంగు స్వెట్టరు? డిపో పక్క దుకాణంలో కొన్నానన్నాడు. చేత్తో అల్లిన మెడపట్టీ, దుకాణం మొహం చూసిందా అది. కుట్టుపని చేసేదాని కళ్లు కప్పొచ్చనుకున్నాడు. బస్టాండులో టిక్కెట్ల కిటికీలో కూర్చునే ఆవిడ ఎప్పుడూ ఒళ్లో ఏదో అల్లుతుండేదని తనకు తెలుసు, ఒకసారి బస్సు ఎక్కించడానికి వెళ్లి చూసింది. అడగలేదు. స్వెట్టరును ఇస్త్రీబల్ల మీద పరుపుగా వేసుకుని ఇరవై రెండేళ్లు దాని మీద మండే ఇస్త్రీపెట్టె తోమింది, అంతే. ఆయనా అడగలేదు, స్వెట్టరేదని. అడగకపోవడం కూడా ఒక రకం ఒప్పుకోలే. ఛీ, ఏమిటీ ఆలోచన, మనిషి లోపల బల్ల మీద చొక్కా విప్పుకుని పడుకుని ఉంటే. చలి కూడా. ఆ గదిలో మరీ చలి.

పక్కనావిడ అల్లిక ఆపి, మీవారికి ఇవాళ ఆలస్యమైనట్టుందే అని పలకరించింది. ఆవిడ అన్నయ్యకూ ఇదే జబ్బట, ఇరవయ్యో రోజట. మాటల్లో మాటగా చెప్పింది, వాళ్లన్నయ్య ఓ రోజు ఆగలేక జావలా ఏదో కలుపుకు తాగి వచ్చేశాడట, పడుకోబెట్టి ఫొటో తీసి చూస్తే లోపల కడుపు బుంగలా లేచి పుండును పక్కకు నెట్టేసిందట, ఇవాళ కాదు పొమ్మని పంపేశారట. అంత చిన్న గిన్నెడు జావకేనండీ, అని నవ్విందావిడ, ఏదో వేళాకోళం చెప్పినట్టు. ఆమె నవ్వలేదు. ఫొటో తీస్తారా, రోజూనా, కరెంటు పెట్టబోయే ముందు? అయితే ఇన్ని రోజులూ ఆ ఫొటోలో సగం గ్లాసు పాలు కనబడుతూనే ఉన్నాయా? కనబడి కూడా అనలేదంటే వీళ్లకు తెలియకనా, తెలిసినా పట్టకనా? పోయిన వారం రెండు రోజులు ఆయన్ని బల్ల మీంచి దింపి, కాసేపు వరండాలో నడవండి, గాలి పోతుంది అన్నారే, అది గాలి కాదా? గాలేమోననుకున్నారు పాపం. యంత్రం చెడి నాటకమాడుతున్నారని తను అనుకుంది. అక్కడ వాళ్లు ఆయన కడుపును అనుమానించారు, ఇక్కడ తను వాళ్ల యంత్రాన్ని అనుమానించింది, డ్రమ్ము వెనక సందు మాత్రం ఎవరి అనుమానంలోకీ రాలేదు.

తలుపు తెరుచుకుని కళ్లజోడమ్మాయే బయటికొచ్చింది. మొదటిరోజు ఆమె మెడలో కొలతల టేపు తీయడం మరిచి ఆస్పత్రికి వచ్చేసింది లెండి, అప్పటి నుంచి ఆ పిల్ల ఆమెను టేపమ్మా అనే పిలుస్తుంది. "టేపమ్మా, బాబాయి గారు పొద్దుటి నుంచి ఏమైనా తీసుకున్నారా? ఆయన లేదనే అంటున్నారు," అంది. అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచింది కూడా. అయినా పక్కన అల్లికావిడ చెవులు ఇటే ఉన్నాయి, ఆయన లేదన్నాక తను ఉందంటే ఆయన అబద్ధాలకోరవుతాడు, ఏడుగంటలకు లేపి వొట్టి కడుపుతో తీసుకొచ్చిన ఇల్లాలిలా ఇన్నాళ్లూ నిలబడి ఇప్పుడెలా. "లేదమ్మా," అంది. తన గొంతు తనకే వినబడింది, అచ్చం ఆయన గొంతులాగే, అంతే నున్నగా. నలభై ఒక్క ఏళ్లు ఒకే కప్పు కింద పడుకుంటే గొంతులు కూడా ఒకటైపోతాయేమో. ఆ పిల్ల తల ఊపి లోపలికి పోయింది, వెనకే డాక్టరు, ఆయన వెనక చేతిలో కాగితాలతో లెక్కలు వేసే పొడుగుమనిషి; యంత్రం ఎటు నుంచి ఎంత కొట్టాలో గీసేది అతనేనట. డాక్టరు రోజూ రాడు. ఇవాళ వచ్చాడు. కూతురు పోయిన వారం ఇదే డాక్టరుతో వరండా చివర నిలబడి మాట్లాడి, మొహం కడుక్కుని వచ్చింది. మొహం ఎందుకు కడుక్కుందో చెప్పలేదు. అందరూ అందరికీ లేదనే చెబుతున్నారు.

తలుపు పూర్తిగా మూతపడలేదు. ఆ సందులోంచి పొడుగుమనిషి మాటలు వినిపించాయి. వారం నుంచి ఇలాగే పక్కకు జరుగుతోంది సార్, మధ్యలో ఒక్కరోజే సరిగ్గా కూర్చుంది. మందుకు లోపల మారి ఉంటుంది. పాత గీత పట్టుకుని ఎన్నాళ్లు, ఇవాళ ఎలా ఉందో అదే ఖాయం చేసుకుని కొత్తగా కొలతలు తీసేద్దాం, మిగతా పదమూడు రోజులూ దాని మీదే. డాక్టరు ఊఁ అన్నాడు.

ఇవాళ ఎలా ఉందో అదే. ఎప్పటి మాటో, దుకాణం పెట్టిన కొత్తలో ఓ బ్యాంకు గుమాస్తా కోటు కుట్టించుకోవడానికి వచ్చి, టేపు నడుముకు చుట్టగానే పొట్ట లోపలికి పీల్చేసి ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆమెకప్పుడు పిల్లతనం, ఆయన చూపించిన కొలతే రాసుకుంది. కోటు తొడుక్కుని కుర్చీలో కూర్చోగానే మధ్య గుండీ ఎగిరి అద్దానికి తగిలింది. అప్పటి నుంచి కొలత తీసేముందు ఎవరినైనా ఓ మాట అని నవ్వించేది, నవ్వాక ఊపిరి వదులుతారు కదా, అప్పుడు చటుక్కున చూసేది అంకె. ఒంటికి అబద్ధమాడటం వచ్చని, నిలబడ్డ కాసేపూ అది ఇంకో ఒళ్లులా నటిస్తుందని, ఆ కాసేపటిని నమ్మి కత్తెర వేస్తే ఎన్నాళ్లు తొడుక్కున్నా అది వాళ్ల బట్ట కాదని వీధి వీధంతా చెబుతూ తిరిగిన మనిషి తను. ఇప్పుడా లోపల బల్ల మీద అబద్ధమాడుతున్నది ఆయన కడుపు. నేర్పింది తను. ఆ అబద్ధానికి కొలతలు తీసి, పదమూడు రోజులకు సరిపడా కత్తిరించబోతున్నారు. ఇది గుండీ ఎగిరి అద్దానికి తగిలేది కాదు. ఎటు తగులుతుందో, పక్కనే గుండె ఉందన్నాడు కదా, అటూ ఇటూ ఊపిరితిత్తులుంటాయి కదా. పుండేమో ఎండ తగలకుండా నీడలో కూర్చున్నట్టు హాయిగా కూర్చుంటుంది.

ఆమె లేచింది. లోపలికి రాకూడదని తలుపు మీద బొమ్మ ఉంది, హస్తం బొమ్మ. దాని అరచేతి మీద తన అరచేయి పెట్టి నెట్టింది. ముగ్గురూ తెర ముందు వంగి ఉన్నారు, ఆయన ఎక్కడో లోపలి గదిలో, తెర మీద మాత్రం నలుపూ తెలుపూ మేఘాల్లా ఏదో ఉంది. అది ఆయనేనని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

"అమ్మాయ్, ఆ కొలత తీయకు."

"ఏంటి టేపమ్మా? లోపలికి రాకూడదు."

"ఆయన కడుపులో పాలున్నాయి. నేనే పోశాను. సగం గ్లాసు, ఇందాక లోపలికి వచ్చేముందు."

కళ్లజోడమ్మాయి తెర మీంచి ఇటు తిరిగింది. మెల్లగా, "ఇవాళొక్కరోజేనా?" అని అడిగింది, ఔనను, ఔనంటే అయిపోతుంది అన్నట్టే ఉంది ఆ పిల్ల గొంతు. ఔనంటే నిజంగానే అయిపోయేది. పొడుగుమనిషి విసుక్కునేవాడు, ఇంటికి పంపేవాళ్లు, ఈ ఒక్కరోజుకు మాట పడి బయటపడేది. ఆమె వేళ్లు మడిచింది. "కాదు. శుక్రవారం నుంచి. ఈ శుక్రవారం కాదు, అంతకు ముందుది. ఇవాళ్టితో ఏడు. మధ్యలో బుధవారం ఒక్కటే లేదు, పాలు విరిగిపోయాయి." పొడుగుమనిషి గబగబా కాగితాలు తిప్పి ఓ చోట వేలు పెట్టాడు. డాక్టరు ఆ వేలి వంక చూసి, ఆమె వంక చూశాడు, మొదటిసారి కంప్యూటరు వదిలి ఆమె మొహంలోకే. సరిగ్గా కూర్చున్న ఆ ఒక్కరోజు బుధవారమేనని ఇక చెప్పనక్కర్లేదు.

తిడతాడనుకుంది. తిడితే బాగుండేది, తిట్టేవాడి దగ్గర మిగిలేదేమీ ఉండదు. డాక్టరు కుర్చీ జరిపి కూర్చోమన్నాడు, రోజూ ముందు ఫొటో తీసే మొదలుపెడతామని, మరీ జరిగిపోయిన రోజుల్లో దింపి, ఆగి, మళ్లీ చూసుకునే పెట్టామని, ఒక రెండు రోజులు మాత్రం అంచు మీదుందని చెప్పాడు. మనిషి కదులుతాడని తెలుసు గనకే పుండు ఎంతుందో అంతే గీయమమ్మా, చుట్టూ కొంత వదిలి గీస్తాం, అన్నాడు.

"ఎంత వదిలారు?"

బొటనవేలూ చూపుడువేలూ దగ్గర పెట్టి చూపించాడు. ఆమె కళ్లతోనే కొలిచింది: అర అంగుళం లేదు. పసిపిల్ల గౌనుకు కూడా అంతకంటే ఎక్కువే వదులుతుంది తను. "మరి ఆ రెండు రోజులూ అందులోనే ఉందా బాబూ, దాటిందా?"

"చూసి చెబుతాను."

"చూసి చెబుతారా, చెప్పేశాక చూస్తారా?"

పొడుగుమనిషి నవ్వు ఆపుకున్నాడు. డాక్టరు నవ్వలేదు. రేపు మీ పక్కన కూర్చుని ఆ రెండు ఫొటోలూ తీసి చూపిస్తాను, ఎంతుంటే అంత చెబుతాను, అన్నాడు. ఏం ఉండదు అనలేదు. ఆమె ఆ మాట కోసం చెవులు రిక్కించి ఎదురు చూసింది, అనలేదు గనక మొదటిసారి ఆ డాక్టర్ని కాస్త నమ్మబుద్ధయింది, నమ్మినకొద్దీ భయం పెరిగింది. కొత్త కొలతలు ఇవాళ్టికి తీయవద్దన్నాడు. మూడు గంటలు ఆగి, కడుపు ఖాళీ అయ్యాక పాత గీత మీదే పడుకోబెట్టి చూద్దామన్నాడు. నీళ్లు కూడా వద్దు.

ఆమె మళ్లీ బయటి కుర్చీలోకి వచ్చింది, వెనకే లోపలి గదిలోంచి ఆయన్ని పంపించారు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని వచ్చి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె గుండీలు విప్పి సరిగ్గా పెట్టింది. ఆయన ఆమె మొహం చదివాడు, ముప్పై ఏళ్లు అద్దంలో వెనకబళ్లను చదివినట్టు.

"చెప్పేశావా?"

"చెప్పాను. మీరెందుకు తాగారు మరి? కూడదని మీకు తెలుసుగా."

"నువ్వు గ్లాసు పట్టుకుని నిలబడ్డ తీరు చూసి," అన్నాడు. అల్లికావిడ అన్నయ్య తన వంతు కరెంటు పెట్టించుకుని వచ్చి ఆవిడను తీసుకెళ్లిపోయాడు. ఇంకెవరినో పిలిచారు, దీపం వెలిగింది, పావుగంటకు ఆరింది, తీరుగా, ఏ అనుమానమూ లేకుండా. ఇంకో రెండున్నర గంటలు. ఆయన వెనక్కి జారగిలబడి కళ్లు మూసుకున్నాడు, నిద్రపోయాడనే అనుకుంది.

"ఆకలేస్తోందే," అన్నాడు, కళ్లు తెరవకుండానే.

ఆ మాట ఆయన నోట విని నాలుగు నెలలయింది. ఏం చేసి పెట్టమంటారు అని ఎంత బతిమాలినా, ఏమీ వద్దే, ఆకలి లేదే అంటూ గోడ వైపు తిరిగిన మనిషి. నిజంగా వేస్తోందా? పుండు ఏమన్నా వదులైందా, ఆ కరెంటు తగలాల్సిన చోటే తగిలిందా? లేక తన మొహం వాడిపోయి ఉంటే చూడలేక, సంతోషపడుతుందని అంటున్నాడా? అనగలడు. ఎంత నున్నగా అనగలడో ఇప్పుడు తెలుసు. ఆమె వంగి ఆయన మొహంలోకి, మూసిన రెప్పల్లోకి, పొట్టు రేగిన పెదాల్లోకి అంగుళం అంగుళం వెతికింది. ఏమీ దొరకలేదు. చేయి అలవాటు కొద్దీ సంచిలోకి పోబోయింది, దాన్ని వెనక్కి లాక్కుని ఆయన మోకాలి మీద పెట్టింది.

"ఆగండి," అంది. "ఇంకా టైము కాలేదు."

ఆయన సరే అన్నాడు. ఆమె కుర్చీ కొంచెం ఆయన వైపు తిప్పుకుని, ఆకలి నిజమైతే ఒక్క గుటకైనా పడుతుందేమోనని, ఆయన గొంతు వంకే చూస్తూ కూర్చుంది.